ఒక పన్ను తేడా

ముప్పై నాలుగేండ్లు కార్ల కింద వెల్లకిలా పండుకొని బతికినోణ్ణి నేను. రిటైరయి తిరుత్తణిలో ఇంట్లో కూర్చున్నాక, మెకానిక్ పని నేర్చుకుంటా ఉండే పిలకాయలు అప్పుడప్పుడు వస్తారు. వచ్చి, మీరు చూసిన పెద్ద కేసు ఏది మామా అని అడుగుతారు. వాళ్ళకు ఏం కావాలో నాకు తెలుసు. ఏట్లో మునిగిన కారును లేపినాను, ఎవురికీ అంతుచిక్కని రోగాన్ని శబ్దం విని చెప్పేసినాను, అట్లాంటి కథ కావాల. అవి కూడా ఉండాయి నా దగ్గర. అడిగినా అడక్కపోయినా చెప్తాను, మా ఇంట్లో వాళ్ళు నేను మొదలు పెట్టంగానే లేచి పోతారు. రాసి పెట్టాల్సింది మాత్రం ఇంకొకటి. నేను శుద్ధ మూర్ఖుడి మాదిరి నడుచుకున్న కథ అది. తెలుగు చదవను వచ్చినోళ్ళు చదవండి, అరవం మాత్రమే వచ్చినోళ్ళకు పక్కనోళ్ళు చదివి చెప్పండి.

మా షెడ్డు తిరువళ్ళూరులో, స్టేషన్ నుంచి నడిచిపోయే దూరం. అన్ని రకాల కార్లూ వచ్చేవి. షెడ్డు ఓనరును మేము మొదలాళి అంటాము, అరవాయన, మంచోడు. ఆయనకు ఇంజిన్ గురించి ఏమీ తెలీదు, తెలీదనే సంగతి ఆయనకే బాగా తెలుసు, అందుకని నేను చెప్పిందే వేదం. నేను హెడ్ మేస్త్రీని. స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజిన్ మీద పెట్టి, ఇంకో కొన చెవికి ఆనించుకొని, కళ్ళు మూసుకొని నిలబడితే కస్టమర్లు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. శబ్దం రెండు నిమిషాల్లోనే తెలిసిపోయేది. ఊపిరి బిగబట్టి చూస్తా ఉండారే అని నేను ఐదు నిమిషాలు నిలబడేవాణ్ణి.

ఆ మర్యాదకు అడ్డం వచ్చింది ఒక స్కానర్. కారుకు తగిలిస్తే రోగం పేరు నంబరుగా చూపించే డబ్బా అది. దాన్ని నడిపేదానికి మొదలాళి ఒక పాపను పెట్టుకున్నాడు. ఇరవై ఐదేండ్లు ఉంటాయేమో. పొదటూరుపేటలో నేత పని చేసే ఇల్లు వాళ్ళది. ఆటోమొబైల్ డిప్లొమా చదివి, తిరుత్తణి నుంచి ఆవడి దాకా ఎన్ని షెడ్లు ఉండాయో అన్నింట్లో పని అడిగిందంట. ఆడపిల్లవు, ఈడ నీకు పని యాడుంటుంది పోమ్మా అన్నారంట అందరూ. రెండేండ్లు బట్టల షాపులో నిలబడి చీరలు మడత పెట్టినాక మా షెడ్డు దొరికింది. వచ్చిన మొదటి వారంలోనే నా దగ్గరికి వచ్చి, మామా, టైమింగ్ వేసేది నాకు నేర్పించండి అని అడిగింది. నీ డబ్బానే నేర్పిస్తుంది పో అన్నాను. ఆ పాప ఆరు నెలలకొకసారి మళ్ళీ అడిగేది, నేను మళ్ళీ అదే జవాబు చెప్పేవాణ్ణి.

ఇంక కారు సంగతి. కే.జీ.కండిగైలో ఒకాయన సేద్యం చేసుకుంటానే ఒక తెల్ల కారు పెట్టుకొని, తిరుత్తణి స్టేషన్‌లో దిగే భక్తులను కొండ మీదికి తిప్పేవాడు. మా అత్తగారి ఊరు కూడా అదే కాబట్టి ఆయన నన్ను బావా అంటాడు, నేనూ ఆయన్ను బావా అంటాను, ఎవురికి ఎవురు బావో ఇప్పటికీ తేలలేదు. పొద్దన్నే స్టార్టు చేస్తే ఆ కారు ముందు పక్క గలగలమనేది. నేను స్క్రూడ్రైవర్ చెవిలో పెట్టుకొని విని, టైమింగ్ చైను సాగిపోయింది, మార్చాల అని చెప్పినాను. అది నిజమే. ఈ కథ మొత్తంలో నేను సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే.

ఈ చైను ఏం చేస్తుందో తెలీనోళ్ళకు రొంత చెప్తాను. ఇంజిన్లో కింద క్రాంకు తిరుగుతా పిస్టన్లను పైకీ కిందికీ ఆడిస్తుంది. పైన క్యామ్‌షాఫ్టు తిరుగుతా వాల్వులను తెరిచి మూస్తుంది. ఈ రెండింటినీ కలిపి తిప్పేది చైను. ఒకే రోట్లో ఇద్దరు ఆడోళ్ళు రోకళ్ళు వేస్తారే, ఒకరిది లేస్తే ఒకరిది పడాల, అట్ల నడవాల. చైను ఒక్క పన్ను అటూ ఇటూ పడినా తాళం తప్పుతుంది. ఆ తాళం పేరే టైమింగ్. అందుకే పైనుండే పళ్ళ చక్రం మీద కంపెనీ వాళ్ళే చిన్న గాటు ఒకటి పెట్టి ఉంటారు, నూకగింజంత. ఇంజిన్ పైభాగాన్ని హెడ్ అంటాము, ఆ గాటును హెడ్ అంచుకు ఎదురు పెట్టి చైను వెయ్యాల. చక్రం విప్పక ముందే ఆ గాటు మీద ఎర్ర గోళ్ళరంగు ఒక చుక్క పెట్టేది నా అలవాటు. గోళ్ళరంగు ఇంజిన్ ఆయిల్‌కు కూడా కరగదు. మా కూతురిది ఒక సీసా నా టూల్ బాక్సులో ఎప్పుడూ ఉండేది. కొత్త కస్టమర్లు ఆ సీసాను చూసి, తర్వాత నా చేతి గోళ్ళను చూసి, ఏమీ అడక్కుండా పోయేవాళ్ళు.

ఆ పని ఆయుధ పూజ ముందు రోజు పడింది. నేను చక్రం విప్పి పెట్రోలుతో కడిగి పాత పేపరు మీద ఆరబెట్టినానో లేదో, మొదలాళి వచ్చి షెడ్డు కడగాల, పనులన్నీ ఆపేయండి అన్నాడు. మా పక్క ఆయుధ పూజ అంటే పనిముట్ల పండగ. ఆ పొద్దు ఎవురూ స్పానర్ ముట్టకూడదు. అన్నింటికీ బొట్లు పెట్టేది కార్లు కడిగే అక్క. ఆమె ఏ పనీ అరకొరగా చెయ్యదు. సుత్తికి పెట్టింది, జాక్కి పెట్టింది, టీ ఫ్లాస్కుకు పెట్టింది, గాలి కొట్టే కంప్రెసర్‌కు నొసలు యాడుండాదో చుట్టూ తిరిగి వెతికి మరీ పెట్టింది. మొదలాళి కుర్చీకి వీపు పక్క పెడితే, ఆయన తెలీక ఆనుకొని కూర్చుని, తెల్ల చొక్కా వీపున బొట్టుతోనే వీరరాఘవ స్వామి గుడికి పోయి వచ్చినాడు. స్కానర్‌కు మూడు బొట్లు పెట్టింది. మా పాప చర్చికి పోయే పిల్ల, నవ్వి ఊరుకుంది, బొరుగులూ బెల్లమూ మాత్రం అందరికంటే ఎక్కువ తినింది. రెండు దినాలు సెలవు అయినాక నేను వచ్చి, చుక్క చూసుకొని చైను వేసి, మూతలు బిగించి, కారును బావకు అప్పజెప్పినాను.

నాలుగో రోజు బావ కారు తోలుకొని వచ్చేసినాడు. కొండ ఎక్కేటప్పుడు కారు దగ్గుతా ఉండాదంట. ఎదురుగా, ఇంజిన్లో తప్పుంటే వెలిగే పసుప్పచ్చ లైటు కూడా వెలగతా ఉండాదంట. యాడ బావా లైటు అని లోపలికి తొంగి చూస్తే, లైటు ఉండాల్సిన చోట తపాలా బిళ్ళంత మురుగన్ పటం అంటించి ఉండాది. లైటు చూసి భక్తులు భయపడతా ఉండారని బావే అంటించినాడు. వెనక నుంచి వెలుగు వస్తా ఉంటే స్వామి మొహం జ్యోతి మాదిరి మెరస్తా ఉండాది. సందకాడ ఎక్కినోళ్ళు కారులోనే చేతులెత్తి మొక్కుకుంటా ఉండారంట. ఒక ముసలామె అయితే కొండ మీద దిగకుండా, ఈడే దర్శనం అయిపోయింది నాయనా అనిందంట.

పాప స్కానర్ తగిలించి చూసింది. తెర మీద నంబరు వచ్చింది. క్రాంకూ క్యామూ ఒకదానితో ఒకటి కలవడం లేదు అని దానికి అర్థం. పాప రెండుసార్లు చూసి, ఇంజిన్ను తిప్పి చూసి, కాగితం మీద ఏందో లెక్క వేసి, మెల్లిగా నా దగ్గరికి వచ్చి, ఒక పన్ను తేడా ఉన్నట్టుంది మామా, పైమూత తీసి చూద్దామా అనింది.

నాకు ముక్కు మీద కోపం. అదీ బావ ఎదురుగా అనేసిందే. చైను వేసింది నేను. నా చేత్తో వేసిన టైమింగ్ తప్పిందని, నిన్నగాక మొన్న వచ్చిన డబ్బా చెప్తే నేను మూత తెరవాలా? నీకు నూలు తెలుసు, నాకు ఇంజిన్ తెలుసు, గమ్మున ఉండు అన్నాను. ఆ పాప మొహం చిన్నబోయింది. నేను చూసి కూడా చూడనట్టు పోయినాను. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత వారం దినాలు ఆ కారుకు మేము చెయ్యని వైద్యం లేదు. పెట్రోలు కల్తీ అన్నాను, ట్యాంకు ఖాళీ చేయించి కొత్తది పోయించినాను. లైటు వెలిగింది. ఎలుక వైరు కొరికిందన్నాను, పాప వైరంతా జానా జానా పట్టి చూసి ఒక్క కాటు కూడా లేదనింది. ఎలుక కాకపోతే పందికొక్కు అన్నాను. పందికొక్కుకు కాటు ఇంకా పెద్దగా ఉంటుంది కదా మామా అనింది. పైన క్యామ్ తిరిగేది చూసి చెప్పే సెన్సార్ మార్చమన్నాను, మార్చింది. కింద క్రాంకు సెన్సార్ మార్చమన్నాను, అదీ మార్చింది. ఆయిల్ మార్చినాము. మార్చిన ప్రతిసారీ స్కానర్ పెడితే అదే నంబరు. ఆ నంబరు నాకు కలలో కూడా రావడం మొదలైంది.

చివరికి బ్యాటరీ వైరు పీకి మళ్ళీ పెట్టినాను. అట్ల చేస్తే కారు కంప్యూటర్ పాత సంగతులు మరిచిపోతుంది, లైటు ఆరిపోతుంది. చూసినావా అని మీసం దువ్వినాను. బావ సంతోషంగా తోలుకొని పోయినాడు. రైల్వే గేటు దాటంగానే మురుగన్ మళ్ళీ వెలిగినాడు. తిరిగి వస్తే మళ్ళీ వైరు పీకినాను. మళ్ళీ అదే గేటు దగ్గర వెలిగింది. మూడోసారీ అంతే. కంప్యూటర్ కొంతసేపు గమనించి గానీ తప్పు చెప్పదు, ఆ కొంతసేపు అయ్యేసరికి మీరు గేటు దగ్గర ఉంటారు అని పాప చెప్పింది. ఎవురు వింటారు? బావ ఒకే మాట పట్టుకున్నాడు. ఆ గేటు దగ్గర కారుకు దిష్టి తగలతా ఉండాది.

ఇంజిన్ను చెవితో వినే నేను, హెడ్ మేస్త్రీని, అప్పుడు ఏం చెయ్యాల? మూత తెరిచి చూడాల. నేను ఏం చేసినానంటే, పూజకు తెచ్చి మిగిలిపోయిన బూడిద గుమ్మడికాయ ఒకటి షెడ్డు మూల ఉండాది, తీసుకొని పొయ్యి కొట్టు బావా అన్నాను. బావ దానికి కుంకం నింపి, కర్పూరం వెలిగించి, కారు చుట్టూ మూడుసార్లు తిప్పి, గేటు దగ్గర రోడ్డు మీద ఫటీమని కొట్టినాడు. కొట్టినోడు ముక్కలు పక్కకు తోసేయాల కదా. దిష్టి తీసినాక వెనక్కి తిరిగి చూడకూడదని కారెక్కి వచ్చేసినాడు.

పది నిమిషాలకు మొదలాళి షెడ్డుకు వచ్చినాడు, స్కూటర్ను తోసుకుంటా. పంట్లాం ఒక పక్కంతా కుంకం, గుమ్మడి గింజలు. గేటు దగ్గర ఎవుడో బుద్ధి లేనోడు గుమ్మడికాయ కొట్టి పోతే దాని మీద స్కూటర్ జారి కింద పడినాడంట. దెబ్బ పెద్దది కాదు, మోకాలు గీసుకుపోయింది. కానీ స్టేషన్‌కు పోయే జనమంతా నిలబడి చూసినారంట. బావ కారు బానెట్ లోపలికి తల దూర్చేసినాడు. నేను కూడా ఇంకో పక్క నుంచి తల దూర్చినాను. ఇద్దరి తలకాయలూ ఇంజిన్ మీద ఎదురెదురుగా, గట్టిగా నవ్వొస్తా ఉంటే నోట్లో గుడ్డ కుక్కుకొని నిలబడినాము.

నవ్వు అంతటితో ఆగిపోయింది. మొదలాళి కుర్చీలో కూర్చుని, మోకాలుకు మందు రాసుకుంటా, అందరినీ పిలిచినాడు. వారం దినాలుగా ఒక కారు షెడ్డులో నిలబడి ఉండాది, దీని పంచాయితీ ఇప్పుడే తేలాలన్నాడు. నాకల్లా తిరిగి అరవంలో ఒకటే మాట అడిగినాడు. "మేస్త్రీ, టైమింగ్ సరియా ఇరుక్కా?"

"ఇరుక్కు" అన్నాను, సరిగ్గానే ఉండాది అని.

అయితే మిషను అబద్ధం చెప్తా ఉండాది అన్నాడాయన. లేకపోతే ఆ పాపకు దాన్ని చూడను రావడం లేదు. ఎట్లయినా నష్టమే. శనివారం లోపల కారు లైటు ఆరి బయటికి పోవాల, లేకపోతే మిషను అమ్మేస్తాను, ఆ పాపను మాన్పించేస్తాను, పాత కాలం మాదిరి మేస్త్రీ చెవితోనే నడుపుకుందాం అన్నాడు. ఆయన తర్కంలో తప్పేమీ లేదు. టైమింగ్ సరిగ్గా ఉంటే మిషను తప్పు, మిషను తప్పయితే పాప పోవాల. ఆ మొదటి మాట చెప్పింది నేను. పాప నా మొహంకల్లా చూసింది. నేను మొదలాళి పంట్లాంకు అంటుకున్న గుమ్మడి గింజలకల్లా చూసినాను.

సందకాడ ఎలక్ట్రిక్ ట్రైన్లో ఇద్దరమూ ఒకే పెట్టెలో వచ్చేవాళ్ళం. తిరుత్తణిలో దిగి ఆ పాప పొదటూరుపేట బస్సు పట్టుకునేది. మామూలుగా మురుకులు పొట్లం విప్పి నాకు సగం పెట్టేది. ఆ పొద్దు కూడా పెట్టింది, అదే నాకు కష్టంగా ఉండింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. సగం దూరం వచ్చినాక, ఇది పోతే నన్ను ఇంకే షెడ్డులోనూ రానియ్యరు మామా, మళ్ళీ చీరల షాపుకే పోవాల అనింది. ఏడవలేదు, మామూలుగా చెప్పింది. తర్వాత, "ఒక్కసారి మూత తెరవండి. మార్కు సరిగ్గా ఉంటే ఎవురూ చెప్పకుండా నేనే పోతాను" అనింది.

నా గర్వం ఎంతుండిందంటే, అప్పుడు కూడా నాకు భయం వెయ్యలేదు. పాపం, పిల్లకు బుద్ధొచ్చేటట్టు చూపిద్దాం అనుకున్నాను. శనివారం పొద్దన అందరి ముందరా తెరుస్తాను, నీ రెండు కళ్ళతో నువ్వే చూసుకో అన్నాను.

శనివారం పది గంటలకు అందరూ కారు చుట్టూ చేరినారు. మొదలాళి కుంటుకుంటా వచ్చి కుర్చీ వేసుకున్నాడు. బావ, కార్లు కడిగే అక్క, పాప. నేను కింద క్రాంకును మార్కుకు తెచ్చి నిలబెట్టినాను. పైమూత బోల్టులు ఒక్కొక్కటీ విప్పి, పెళ్ళిలో తెర తీసినట్టు మూత ఎత్తినాను. టార్చి వేసినాను. నల్లటి ఆయిల్లో చక్రం నిగనిగలాడతా ఉండాది. దాని మీద ఎర్ర చుక్క. హెడ్ అంచుకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఎదురుగా ఉండాది.

నా గుండె ఉప్పొంగింది. చూడండి, అందరూ రండి, చూడండి అన్నాను. మొదలాళిని కుర్చీలో నుంచి లేపి మరీ చూపించినాను. ముప్పై ఏండ్లకు పైన ఈ చేత్తో వేస్తా ఉండాను, ఇదో చుక్క, ఇదో అంచు, ఇంకా ఏ మిషను కావాల మీకు అని ఒక ఉపన్యాసం ఇచ్చినాను. పాప వంగి చూసింది. బ్యాగు ఉండే పక్కకు నడిచింది.

అక్క కూడా అందరి మాదిరి వంగి చూసింది. చూసి, సంతోషంగా అనింది. "అదిన్నీ నేను పెట్టిన బొట్టే అన్నా."

ఏం బొట్టు అన్నాను. పూజ రోజు పెట్టింది అని ఆమె వివరంగా చెప్పుకొచ్చింది. పేపరు మీద ఈ చక్రం ఒంటరిగా ఉండాదంట. అన్నింటికీ పెట్టి దీనికి పెట్టకపోతే బాగుండదని కుంకం పెట్టిందంట. ఆయిల్ ఇనుము మీద కుంకం నిలవలేదంట. పక్కనే నా టూల్ బాక్సులో గోళ్ళరంగు సీసా కనిపించిందంట, ఎర్రగానే ఉండాది కదా అని దాంతో పెట్టిందంట. యాడ పెట్టాలో కూడా ఆలోచించి పెట్టింది. చక్రంలో రెండు బెజ్జాలు ఉంటాయి, అవి కళ్ళు. ఆ రెండు కళ్ళకు నడిమధ్య, కొంచెం పైన, నొసట పెట్టింది. చూసినావా అన్నా, ఇన్ని దినాలయినా చెక్కు చెదరలేదు అనింది.

అందరూ ఆ చుక్కను చూసి, తర్వాత నన్ను చూసినారు. అప్పుడు ఆమెకు అర్థమయింది. మొహం తెల్లబోయింది. నా వల్లనా అన్నా, నా వల్లనా ఇదంతా అని చేతులు తుడుచుకుంటా మొదలాళికల్లా చూసింది. మొదలాళి మొహం ఎర్రగా అవుతా ఉండాది.

నిజం చెప్తాను. ఆ క్షణంలో నాకు దారి కనిపించింది. ఆమె పెట్టిన చుక్క నన్ను మోసం చేసింది, తప్పు ఆమెది అని చెప్పేస్తే నా పేరు నిలబడుతుంది. నోరు కూడా తెరిచినాను. కానీ అట్ల చెప్తే టైమింగ్ తప్పిందని ఒప్పుకున్నట్టే కదా అనిపించి, అంతకంటే పెద్ద అబద్ధం ఒకటి ఎత్తుకున్నాను. ఆమె బొట్టు సరిగ్గా గాటు మీదే పడింది, అసలు గాటు దాని కిందే ఉండాది, టైమింగ్ సరిగ్గానే ఉండాది అన్నాను. వేలు పెట్టి చూపించినాను.

పాప బ్యాగు కింద పెట్టి వచ్చింది. నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినిపించేటట్టు అడిగింది. "మీకు ఆ గాటు కనిపిస్తా ఉండాదా మామా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే నేను అరిచి ఉంటాను. టార్చి ఇంకా దగ్గరికి పెట్టి చూసినాను. నల్లటి చక్రం, ఎర్రటి చుక్క, అంతే. నాకు ఏడుపొచ్చింది.

"లేదమ్మా. మూడేండ్లుగా కనిపించడం లేదు" అన్నాను. మెల్లిగా చెప్పాలనుకున్నాను, అందరికీ వినిపించింది.

అదే అసలు సంగతి. దగ్గరిది చూసే చూపు పోయింది. కండ్లద్దాలు పెట్టుకుంటే మేస్త్రీకి ముసలితనం వచ్చేసిందంటారని పెట్టుకోలేదు. విప్పక ముందు గాటును గోటితో తడిమి చుక్క పెట్టేవాణ్ణి, బిగించేటప్పుడు ఆ చుక్కనే నమ్మేవాణ్ణి. ఆ పూజ ముందు రోజు తొందరలో చుక్క పెట్టలేదు. తర్వాత చుక్క కనిపించేసరికి నాదే అనుకున్నాను. మొదలాళికి ఇదంతా అట్లనే చెప్పేసినాను. మిషను కరెక్టు, పాప కరెక్టు, అక్క పూజ చేసింది, తప్పు నాది, పంపించాలంటే నన్ను పంపించండి అన్నాను. పాప అప్పటికే గోటితో రంగు గీకి, పక్క పన్ను మీద ఉండే అసలు గాటును తుడిచి, మొదలాళికి టార్చి వేసి చూపిస్తా ఉండాది. సరిగ్గా ఒక పన్ను.

మొదలాళి చానాసేపు ఆ గాటును చూసినాడు. నన్ను చూసినాడు. కట్టు కట్టిన మోకాలు చూసుకున్నాడు. "అయితే నేను గుమ్మడికాయ మీద పడింది ఎందుకు?" అని అరవంలో అడిగినాడు. ముందు బావ నవ్వినాడు, వెంటనే, ఆ కాయ కొట్టింది నేనే సార్ అని ఒప్పేసుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి మొదలాళి కూడా నవ్వినాడు, నవ్వితే మోకాలు నొచ్చి తిట్టినాడు, తిట్టి మళ్ళీ నవ్వినాడు. మిషను ఉంటుంది, పాప ఉంటుంది, మేస్త్రీ సోమవారం కండ్లద్దాలతో వస్తే ఉంటాడు, గోళ్ళరంగు మాత్రం ఈ షెడ్డులో ఉండకూడదు అని తీర్పు చెప్పేసినాడు.

ఆ మధ్యాహ్నం నేను స్పానర్లు పాప చేతికి ఇచ్చినాను. పక్కన స్టూలు వేసుకొని కూర్చుని, చైను బిగువును వదులు చెయ్యమన్నాను, చక్రాన్ని యాడ పట్టుకోవాలో చెప్పినాను, ఎంత జరపాలో చెప్పినాను. చెప్పింది చెప్పినట్టే చేసింది ఆ పిల్ల. జరిపినాక ఇంజిన్ను చేత్తో రెండు చుట్లు తిప్పించి, మార్కులు మళ్ళీ చూడమన్నాను. మీరు కూడా ఇది చెయ్యండి పిలకాయలారా, ఎంత తొందరున్నా తిప్పి చూడకుండా మూత బిగించొద్దు. కారు స్టార్టు చేస్తే దగ్గు లేదు, గలగల లేదు. రైల్వే గేటు దాటి, తిరుత్తణి కొండ మీదికి పొయ్యి, దిగి వచ్చినాము. లైటు వెలగలేదు. బావ మురుగన్ పటం కల్లా పదిసార్లు చూసినాడు. ఇప్పుడు స్వామి మొహం నల్లగా అయిపోయింది బావా, రొంత వెలిగేటట్టు వేరే బల్బు పెట్టడానికి కాదా అని అడిగినాడు.

బావ కారు తీసుకొని పోయే ముందు జాబ్ కార్డు రాయాల. కారు ఎవురిది, ఏం రిపేరు, ఎవురు చేసినారు అని అందులో గళ్ళు ఉంటాయి. టైమింగ్ పనికి ఆ షెడ్డులో అప్పటిదాకా నా పేరు తప్ప ఇంకో పేరు పడలేదు. నేను కార్డు తీసుకొని, పాప పేరు తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఆ పాపకు ఇచ్చినాను. ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను, తర్వాత రాసిందే చాలనుకున్నాను.

ఆ పాప చదివింది. తర్వాత, "కారు నాకే ఇచ్చేసినారు మామా. కస్టమర్ గడిలో రాసినారు" అనింది.

కొట్టేసి, సరైన గడి యాడుండాదో చూపించమన్నాను. ఆయిల్ అంటుకున్న వేలు కార్డు మీద పెట్టి చూపించింది. నేను ఆ వేలు పక్కనే మళ్ళీ రాసినాను.